నిమ్‌పురా దీపములు – కాంతి చరిత్రలో ఒక రైల్వే అధ్యాయము

హౌరా నుండి దక్షిణముగా పోవు రైలుమార్గమున ఇంచుమించు 115 కిలోమీటర్ల దూరమున ఖరగపురము కలదు. అచ్చట రైల్వేవారు నెలకొల్పిన పేటలలో నిమ్‌పురా యొకటి. ఒక ప్రక్క గూడ్సుబండ్లను విడదీసి కూర్చు విశాలమైన యార్డు. మరియొక ప్రక్క వరుసలు తీరిన క్వార్టర్లు. సంక్రాంతినాడు ఆ వాకిళ్లలోని ముగ్గులను చూచి, లోపలినుండి వినవచ్చు మాటలను ఆలకించిన బాటసారి తాను వంగదేశమున నున్న సంగతి క్షణకాలము మరచినను ఆశ్చర్యము లేదు.

తెలుగువారిక్కడికి వచ్చుటకు కారణము రైలే. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ పందొమ్మిదవ శతాబ్ది చివర ఖరగపురమును జంక్షనుగ చేసినది. 1900లో కోలాఘాటు కడ రూపనారాయణ నదిపై వంతెన తెరువబడుటతో హౌరాకు నేరుగ దారి కలిగినది. 1902లో ఈస్ట్ కోస్ట్ రైల్వే యొక్క ఉత్తరభాగము ఈ కంపెనీ చేతికి వచ్చెను. దానితో వాల్తేరును ఖరగపురమును ఒకే యజమాని క్రిందివైనవి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవారు ఇక్కడి కర్మాగారమున ఫిట్టర్లుగను, ఇంజనులపై ఫైర్‌మనులుగను, యార్డులో పాయింట్స్‌మనులుగను, పట్టాల వెంట గాంగుమనులుగను కుదురుకొనిరి. కంపెనీ 1944లో ప్రభుత్వపరమయ్యెను. 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడెను. కొలువు తండ్రి తరమునుండి కొడుకు తరమునకు సాగినది. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి నొసగుటకు ముఖ్యకారణము ఈ పట్టణమందలి తెలుగు జనమే.

ఇట్టివారి చరిత్ర వ్రాయువారు జీతములను గూర్చియు, సమ్మెలను గూర్చియు, పండుగలను గూర్చియు వ్రాయుదురు. అవి వ్రాయదగినవే. కాని వీరి వృత్తికి ఊపిరివంటి వస్తువు మరియొకటి కలదు. అది వెలుగు. రాత్రివేళ యార్డులో పనిచేయు మనుష్యునకు దూరముననున్న ఒక చుక్క దీపము యొక్క రంగే ఆజ్ఞ. ఆ రంగును సరిగా గుర్తించినచో బండి క్షేమము, గుర్తింపలేనిచో ప్రాణనష్టము. గుర్తింపలేడని వైద్యుడు వ్రాసినచో ఉద్యోగమునకు ముప్పు. కావున నిమ్‌పురా చరిత్రకును కాంతిశాస్త్ర చరిత్రకును గల బంధుత్వము పైకి కనిపించునంత దూరపుది కాదు.

రంగుల కథ న్యూటనుతో మొదలుపెట్టుట ఆచారము. 1666 ప్రాంతమున ఆయన చీకటిగదిలోనికి సన్నని సూర్యకిరణమును రానిచ్చి, దానిని గాజుపట్టకము గుండ పంపి, గోడమీద రంగుల పట్టీని చూచెను. 1672లో ఆ సంగతిని ప్రకటించెను. తెలుపు అనునది శుద్ధవర్ణము కాదనియు, అన్ని వర్ణముల కూడిక యనియు అప్పుడు తేలినది. ఆయన తొలుత అయిదు రంగులనే పేర్కొనెను. సంగీతస్వరములు ఏడు గనుక వర్ణములును ఏడుండవలెనను కోరికతో నారింజను, నీలిమందు రంగును తరువాత చేర్చెను. సూర్యుని రథమునకు ఏడు గుఱ్ఱములను పూన్చిన మనవారికి ఈ సంఖ్య వెంటనే నచ్చినది. నిజమునకు ఆ పట్టీలో గీతలేవియు లేవు. ఎరుపు ఎక్కడ ముగియునో, నారింజ ఎక్కడ మొదలగునో ప్రకృతి చెప్పదు, భాష చెప్పును.

దీనికి తెలుగుభాషయే చక్కని సాక్ష్యము. ‘పచ్చ’ అను ఒక్క మాట మనకు రెండు రంగులను తెలుపును. పచ్చిక పచ్చనే, పసుపును పచ్చనే. పచ్చకామెర్లలోని పచ్చ వేరు, పచ్చజెండాలోని పచ్చ వేరు. ఇంటిలో ఈ ఒక్క మాటతో సంసారము గడచిపోవును. సిగ్నలు కంబము క్రింద గడవదు. అచ్చట ఒక పచ్చ వేగముగ పొమ్మనును, మరియొక పచ్చ జాగ్రత్తగ రమ్మనును. అందుచేత రైల్వేలోని తెలుగువారు ‘గ్రీను’, ‘ఎల్లో’ అను మాటలను తమ వాడుకలోనికి తెచ్చుకొనుటను పరభాషావ్యామోహమని నిందించుట తగదు. అది అవసరము నేర్పిన విజ్ఞత.

న్యూటను చూచిన పట్టీకి ఇరుప్రక్కల ఏమున్నదో తెలియుటకు నూరేండ్లకు పైగా పట్టినది. 1800లో విలియం హెర్షెల్ ఒక్కొక్క రంగులో ఉష్ణమాపకము నుంచి వేడిని కొలుచుచు, ఎరుపునకు వెలుపల ఏ రంగును లేనిచోట పాదరసము ఇంకను పైకి పోవుట గమనించెను. అది పరారుణ కిరణము. మరుసటి యేడు జర్మనీలో రిట్టరు అనునాతడు రెండవ కొననున్న ఊదారంగునకు వెలుపల వెండిలవణము మరింత త్వరగ నల్లబడుట చూచెను. అది అతినీలలోహితము. 1865లో ప్రకటించిన తన సిద్ధాంతమున మాక్స్‌వెల్, కాంతి విద్యుదయస్కాంత తరంగమే యని గణితమువలన చూపెను. హెర్ట్జ్ 1887, 88 సంవత్సరములలో ప్రయోగశాలయందు అట్టి తరంగములను పుట్టించి చూపెను. 1895లో రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను, 1900లో విలార్డ్ గామా కిరణములను కనుగొనిరి.

వీని అన్నింటి వేగము ఒక్కటే. శూన్యమున సెకనునకు 2,99,792 కిలోమీటర్లు. భేదమంతయు తరంగదైర్ఘ్యముననే కలదు. కంటికి కనిపించు కాంతి ఇంచుమించు 380 నానోమీటర్లనుండి 750 నానోమీటర్ల వరకు మాత్రమే. నానోమీటరనగా మీటరులో నూరు కోట్లవ వంతు. సంగీతజ్ఞుల పరిభాషలో చెప్పవలెనన్న, మానవనేత్రము వినగలిగినది ఒక్క స్థాయి మాత్రమే. నేడు ఖరగపురమున ఇంజనుల తలపై సాగు తీగలోని విద్యుత్తు సెకనునకు 50 ఆవర్తనములను పూర్తిచేయును. దాని తరంగదైర్ఘ్యము 6,000 కిలోమీటర్లు. అక్కడనుండి గామా కిరణముల వరకు లెక్కించినచో అరువదికి మించిన స్థాయిలు వచ్చును. అంతటి వీణపై మనకు వినవచ్చునది ఒక్క సప్తకము!

ఈ చరిత్రలో ఆంధ్రదేశమునకును ఒక పుట కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన మండలముల మీదుగ సాగినది. ఫ్రాన్సునుండి వచ్చిన జూల్స్ జాన్సెన్ గుంటూరున తన వర్ణపటదర్శినిని అమర్చుకొనెను. ఆంగ్లేయులైన టెన్నెంటు బృందమువారును అచ్చటనే విడిసిరి. మదరాసు వేధశాలాధిపతి పోగ్సన్ మచిలీపట్టణమునకు పోయెను. ఆ వేధశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు వనపర్తిలో పరిశీలన జరిపెను. చంద్రబింబపు అంచున ఎగయు సూర్యజ్వాలల కాంతిని పట్టకముగుండ చూచినప్పుడు అవిచ్ఛిన్నమైన రంగుల పట్టీకి బదులు విడివిడిగ వెలుగు రేఖలు కనిపించినవి. ఆ జ్వాలలు మండుచున్న వాయువులని అప్పుడు నిశ్చయమైనది. రేఖలు మిక్కిలి ప్రకాశవంతముగ నుండుటచే గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని జాన్సెనుకు తోచెను. మరునాడు గుంటూరులోనే చూచెను కూడ.

ఇంగ్లండున నార్మన్ లాకియర్ అదే ఉపాయమును స్వతంత్రముగ కనుగొని, అక్టోబరులో ప్రయోగించెను. ఇరువురి లేఖలును ఒకే సమయమున పారిసు పరిషత్తునకు చేరుటచే, తరువాత ఫ్రెంచి ప్రభుత్వమువారు ఇరువురి శిరస్సులను ముద్రించి ఒక పతకము వేయించిరి. ఆ రేఖలలో పసుపుపచ్చని దొకటి కలదు. సోడియమునకు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద రెండు పసుపు రేఖలుండగా, ఇది 587.6 వద్ద నున్నది. భేదము రెండు నానోమీటర్లకు మించదు. ఆ భేదమునుండియే భూమిపై ఎవ్వరును ఎరుగని ఒక మూలకమును ఊహించి, సూర్యుని పేరిట హీలియమని పిలిచిరి. భూమిపై అది 1895లో రామ్సేకు దొరకినది. హీలియము గుంటూరున పుట్టినదని కొందరు అభిమానముతో చెప్పుదురు. అది కొంత అతిశయోక్తియే. రేఖలను చూచుట ఒకటి, అందొక దానిని కొత్త మూలకమునకు చెందినదిగ గుర్తించుట వేరొకటి. అయినను, పసుపునకు పసుపునకు నడుమనున్న వెంట్రుకవాసి తేడా కొత్త పదార్థమును పట్టియిచ్చిన ఈ కథలో గుంటూరు పేరు చెరగదు.

ఖరగపురమునుండి రెండు మూడు గంటల ప్రయాణమున చేరదగిన కలకత్తాలో తరువాతి ఘట్టములు జరిగినవి. 1895లో అచ్చటి టౌనుహాలున ఆచార్య జగదీశచంద్ర బోసు కంటికి కనిపించని తరంగములను గోడల గుండ పంపి, దూరమున గంట మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో పుట్టించిన తరంగముల పొడవు మిల్లీమీటర్లలో నుండెను; హెర్ట్జ్ తరంగములకంటె ఎంతయో పొట్టివి. కాంతివలె అవియు పరావర్తనము, వక్రీభవనము చెందునని చూపుటకే ఆయన వానిని అంత చిన్నవిగ చేసెను. 1897 జనవరిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆ ప్రయోగములను ప్రదర్శించెను.

రామను గారి కథ కేంద్రప్రభుత్వోద్యోగులకు ప్రత్యేకముగ చదువదగినది. ఆయన 1888లో తిరుచిరాపల్లిలో జన్మించినను, 1892లో తండ్రిగారు విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులగుటచే బాల్యమంతయు ఆ సముద్రతీరముననే గడచినది. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టములు పొంది, పోటీపరీక్షలో నెగ్గి, 1907లో ఆర్థికశాఖ ఉద్యోగిగ కలకత్తాకు వచ్చెను. పదేండ్లపాటు ఆయన పగలు లెక్కల కార్యాలయమున కాగితములు చూచెను. ఉదయమున, సాయంకాలమున బౌబజారు వీధిలోని భారతీయ విజ్ఞాన వర్ధన సంఘపు ప్రయోగశాలలో పనిచేసెను. నడుమ రంగూనునకు, నాగపూరునకు బదిలీలు. నాగపూరునుండి హౌరాకు వచ్చు బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గమును, వాల్తేరునుండి వచ్చు మార్గమును ఖరగపురముననే కలియును. దస్త్రములు మోయువానికి శాస్త్రమునకు తీరిక యెక్కడిదని నిట్టూర్చువారికి ఈ పదేండ్ల చరిత్ర కొంచెము ఇబ్బంది కలిగించును. 1917లో ఆయన ఆ పెద్దకొలువును వదలి, తక్కువ జీతమునకు విశ్వవిద్యాలయమున పాలిట్ ఆచార్యపదవిని స్వీకరించెను.

1921లో ఓడపై ఐరోపానుండి తిరిగివచ్చుచు మధ్యధరాసముద్రపు నీలమును చూచి, అది ఆకాశపు నీడయని పెద్దలు చెప్పిన మాట చాలదని ఆయన నిశ్చయించెను. చిన్న నికోల్ పట్టకముతో నీటి ఉపరితలమునుండి వచ్చు ప్రతిబింబమును తొలగించి చూచినను నీలము పోలేదు. నీటి అణువులే కాంతిని చెదరగొట్టుచున్నవి. ఆ దారిని ఏడేండ్లు నడచి, 1928 ఫిబ్రవరి 28న కె. ఎస్. కృష్ణనుతో కూడి, చెదరిన కాంతిలో అతిస్వల్పభాగము తన రంగునే మార్చుకొనుచున్నదని కనుగొనెను. ఇంచుమించు కోటి కణములలో ఒకటి! ఆ మార్పు ప్రతి పదార్థమునకును వేరు. కావున అది ఆ పదార్థమునకు వ్రేలిముద్రవంటిది. 1930లో నోబెల్ బహుమానము వచ్చినది.

ఆ సంవత్సరముననే, అనగా 1928లో, కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టి హైదరాబాదు నిజాము కళాశాలలో చదివిన సూరి భగవంతము గారు కలకత్తాకు పోయి రామను వద్ద చేరిరి. కాంతికణమునకు ఆత్మభ్రమణము కలదని ఇరువురును ప్రయోగపూర్వకముగ చూపి 1931లో ప్రకటించిరి. భగవంతము గారు తరువాత వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరి, 1940లో కాంతి పరిక్షేపణముపై గ్రంథము వెలువరించిరి. అదే పరిషత్తులో, లండనున ఫౌలర్ వద్ద శిక్షణ పొందివచ్చిన కొచ్చెర్లకోట రంగధామరావుగారు వర్ణపటశాస్త్రమునకు ఒక పెద్ద ప్రయోగశాలను నిర్మించి, శిష్యపరంపరను తయారుచేసిరి. కొలువు వెదకుకొనుచు ఉత్తరమునకు పోవు యువకులు బండియెక్కిన వాల్తేరు స్టేషనునకు ఆ ప్రయోగశాల కొద్ది మైళ్ల దూరమే. ఒకే ఊరినుండి కొందరు కాంతిని కొలుచు విద్యకు పోగా, కొందరు దీపమును చూచి బండి నడపు విద్యకు పోయిరి. మొదటివారి పేర్లు గ్రంథములకెక్కినవి.

ఇక రెండవవారి దీపములను గూర్చి. సిగ్నలు కంబమునకు పగటివేళ రెక్క యున్నది. అది అడ్డముగ నున్నదా, వాలియున్నదా యని చూచినచో చాలును. రాత్రి రెక్క కనిపించదు. అప్పుడు రెక్కతోపాటు కదలు రంగుటద్దములు కిరోసిను దీపమునకు ముందుగ వచ్చి నిలుచును. సంధ్యవేళ దీపములవాడు చమురుబుడ్డి పట్టుకొని కంబములెక్కి దీపములు పెట్టుట దశాబ్దములపాటు యార్డులలో నిత్యకృత్యము. అందలి ఆకుపచ్చటద్దమును విడిగ చేతపట్టుకొని పగటివెలుగులో చూచిన అది నీలముగ తోచును. అది పొరపాటు కాదు. కిరోసిను మంటలో ఎరుపు, పసుపు మెండు, నీలము బహుస్వల్పము. ఆ పచ్చని మంటకు ఈ నీలపుటద్దము అడ్డుపెట్టినప్పుడే దూరమునుండి నిజమైన ఆకుపచ్చ కనిపించును. వర్ణపటమును ఎన్నడు చదువని చేతులు వర్ణపటశాస్త్రమునే కంబములకెక్కించినవి.

ప్రమాదమునకు ఎరుపునే ఏల ఎన్నుకొనిరి? ఎరుపు తరంగము పొడవైనది గనుక గాలిలో తక్కువగ చెదరి దూరమునకు పోవునని పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. భౌతికముగ ఆ మాట నిజమే. చెదరుట తరంగదైర్ఘ్యము యొక్క నాల్గవ ఘాతమునకు విలోమముగ నుండునని రాలే 1871లో చూపెను. ఆ లెక్కచొప్పున 400 నానోమీటర్ల ఊదాకాంతి 700 నానోమీటర్ల ఎరుపుకంటె తొమ్మిది రెట్లకు మించి చెదరును. కాని రైళ్లపై ఎరుపు 1830 దశకమునుండియే ప్రమాదచిహ్నము. రాలే పుట్టినది 1842లో! సముద్రమునను సైన్యమునను వచ్చుచున్న వాడుకను రైల్వేవారు స్వీకరించిరి. శాస్త్రము తరువాత వచ్చి సమర్థించినది. పైగా ఆ సమర్థన నిర్మలమైన గాలికే చెల్లును. పొగమంచులోని నీటిబిందువులు కాంతితరంగములకంటె ఎన్నోరెట్లు పెద్దవి. అవి అన్ని రంగులను ఇంచుమించు సమానముగనే చెదరగొట్టును. పుష్యమాసపు వేకువజామున మంచు కమ్మినప్పుడు ఎరుపునకు ప్రత్యేకమైన ఆధిక్యమేమియు లేదు. అందుచేతనే పట్టాపై పటాసుబిళ్లలను కట్టి, చక్రము వానిపై ఎక్కినప్పుడు పేలు చప్పుడుతో డ్రైవరును హెచ్చరించు పద్ధతి పుట్టినది. వెలుగు ఓడినచోట శబ్దమును పిలిచిరి.

ఆకుపచ్చ చరిత్ర మరింత విచిత్రము. తొలిరోజులలో తెలుపు దీపము పొమ్మనుటకు గుర్తు; ఆకుపచ్చ జాగ్రత్తకు. ఎరుపుటద్దము పగిలి క్రిందపడినచో మిగులునది తెల్లని మంట. అనగా ఆగవలసినచోట పొమ్మను ఆజ్ఞ! ఊళ్లలో వీధిదీపములు పెరిగినకొలది తెలుపును పోల్చుకొనుటయు కష్టమయ్యెను. పందొమ్మిదవ శతాబ్ది చివర తెలుపును క్రమముగ తొలగించి ఆకుపచ్చకు పట్టము కట్టిరి. ఈ మార్పుతో ఒక చిక్కు తొలగి, మరియొకటి తలయెత్తినది. ఇప్పుడు ప్రాణములన్నియు ఎరుపు ఆకుపచ్చల భేదముపై ఆధారపడినవి. ఆ రెండింటినే వేరుచేయలేని కన్నులు లోకమున నున్నవి.

ఈ లోపమును మొదట వివరించినవాడు జాన్ డాల్టన్. 1794లో మాంచెస్టరున తన కన్నుల సంగతినే ఉపన్యసించెను. తన కంటిలోని ద్రవము నీలముగ నుండునని ఆయన ఊహ. మరణానంతరము పరీక్షింపుడని కోరెను. 1844లో పరీక్షింపగా ద్రవము నిర్మలముగనే యుండెను. దాచియుంచిన ఆ కంటి అవశేషములనుండి జన్యుపదార్థమును తీసి 1995లో శోధింపగా, ఆకుపచ్చ ప్రాంతమున చురుకుగ నుండు వర్ణగ్రాహకము ఆయనకు లేదని తేలినది. మన కంటిలో మూడువిధములైన శంకుకణములు కలవు. అవి వరుసగ 420, 530, 560 నానోమీటర్ల ప్రాంతమున మిక్కిలి చురుకైనవి. చివరి రెండింటిలో ఒకటి లోపించినను, ఒకదాని గుణము రెండవదానికి దగ్గరగ జరిగినను ఎరుపు ఆకుపచ్చల భేదము మాయమగును. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోముపై నుండుటచే లోపము తల్లిద్వారా కొడుకునకు వచ్చును; తల్లికి చూపు చక్కగనే యుండును. వంశములందలి ఈ క్రమమును 1876లో స్విట్జర్లాండు నేత్రవైద్యుడు హోర్నర్ వివరించెను. ఉత్తర ఐరోపా పురుషులలో ఇంచుమించు నూటికి ఎనిమిదిమందికి ఈ లోపము కలదు.

ఎడింబరోలో జార్జి విల్సన్ రైల్వేలను 1855లోనే హెచ్చరించినను ఎవరును పెద్దగ వినలేదు. 1875 నవంబరులో స్వీడనులోని లాగర్‌లుండా వద్ద రెండు ఎక్స్‌ప్రెస్ బండ్లు ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. డ్రైవరుకు రంగులు తెలియవేమోనని ఉప్సాలా ఆచార్యుడు హోంగ్రెన్ అనుమానించెను. ఆయన లేత ఆకుపచ్చ ఉన్నిపోగు నొకదానిని ముందుంచి, కుప్పలోనుండి దానికి సరిపడు పోగులను ఏరుమనెను. ఇట్లు ఒక మార్గముననున్న 266 మంది రైలుద్యోగులను పరీక్షింపగా 13 మందికి లోపమున్నట్లు తేలినది. వారెవ్వరును అంతవరకు ఆ సంగతి నెరుగరు. లాగర్‌లుండా ప్రమాదమునకు వర్ణాంధత్వమే కారణమనుటకు సరియైన ఋజువు లేదని ఇటీవలి పరిశోధకులు చెప్పుచున్నారు. డ్రైవరు ప్రమాదముననే మరణించెను. అతనిని పరీక్షించినవారు లేరు. నేరము ఋజువు కాని ఒక మృతుని పేరిట లోకమంతట రైలుకార్మికుల కన్నులకు పరీక్ష మొదలైనది.

ఉన్నిపోగుల తరువాత సిగ్నలును పోలిన ఎడ్రిడ్జ్ గ్రీన్ లాంతరు వచ్చినది. 1917లో జపానీయుడైన ఇషిహారా చుక్కల పుస్తకమును రచించెను. భారత రైల్వేలలో ఈ రెండును వాడుకలో నున్నవి. బండి నడపువారు మొదటి వైద్యశ్రేణికి చెందుదురు. వారి చూపు, వర్ణజ్ఞానము, రాత్రిదృష్టి అన్నియు కొలువున చేరునాడే గాక నియతకాలమున మరల మరల పరీక్షింపబడును. పుట్టుకతో వచ్చిన లోపము మొదటి పరీక్షలోనే బయటపడును. మధుమేహము, కంటినరముల వ్యాధి, ముదిరిన పొరలు మున్నగువానివలన నడివయస్సున వచ్చు లోపమే మిక్కిలి క్లేశకరము. ఇరువదియేండ్లు దీపమును చూచి బండి నడపినవాడు ఒకనాడు చీకటిగదిలో చిన్నరంధ్రమునుండి వచ్చు వెలుగును చూచి తప్పు పేరు చెప్పును. ఆ క్షణమున అతనికి నొప్పి లేదు, గాయము లేదు. లోకము నిన్నటివలెనే కనిపించుచుండును. ‘డీకేటగరైజు’ అయినాడను మాట నిమ్‌పురా వంటి రైల్వేపేటలలో చదువురాని ముసలమ్మలకును తెలియును. నిబంధనలచొప్పున వేరొక కొలువు చూపుదురు; మూలవేతనమునకు రక్షణ కలదు. బండిపై తిరిగినందుకు వచ్చు మైలేజి భత్యము ఆగిపోవును. ఇంజను ఎక్కినవాడు బల్ల ముందు కూర్చుండవలసివచ్చిన చిన్నతనము ఏ నిబంధనలోను లెక్కకురాదు. పరీక్ష కఠినమని కొందరందురు. వెనుక వేయిమంది ప్రయాణికులను కూర్చుండబెట్టుకొని పోవు కంటికి సడలింపు కోరుట న్యాయము కాదు. కాని ఆ కన్ను పోగొట్టుకొన్నవానిని గౌరవముగ చూచుట పరీక్షతోపాటు పుట్టవలసిన ధర్మము. 1995 నాటి వికలాంగుల చట్టము, ఉద్యోగకాలమున వైకల్యము పొందినవానిని తొలగించుటగాని, హోదా తగ్గించుటగాని కూడదని చెప్పినది. అంతవరకు వచ్చుటకు నూటయిరువదియేండ్లు పట్టినవి.

కంటికి కనిపించని కిరణములతోను ఈ పట్టణమునకు పరిచయము తక్కువ కాదు. కర్మాగారమున కమ్మరి ఇనుము రంగును చూచి వేడిని చెప్పును. చెర్రీపండు ఎరుపు ఒక వేడి, నారింజ మరియొక వేడి. వెల్డింగు చేయువాడు అద్దము మరచినచో అతినీలలోహితకిరణములు సోకి ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. ఇరుసుపెట్టె వేడెక్కినదా యని వెనుకటివారు చేతితో తాకి చూచెడివారు. ఇప్పుడు దూరమునుండియే పరారుణమాపకము చెప్పుచున్నది. డ్రైవరును గార్డును మాటలాడుకొను వాకీటాకీ తరంగము పొడవు ఇంచుమించు రెండు మీటర్లు. బోసుగారి తరంగములకు అది దాయాది. పట్టణపు అంచున, 1931లో బ్రిటిషువారు ఖైదీలపై కాల్పులు జరిపిన హిజిలీ నిర్బంధశిబిరపు భవనముననే దేశపు మొదటి ఐ.ఐ.టి. పుట్టి, రేడియోతరంగముల విద్యను తొలినాళ్లనుండి నేర్పినది.

2017లో ఖరగపురమున ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పద్ధతి అమర్చబడినది. అది 800 మార్గములను ఏకకాలమున కాపలా కాయును. కిరోసిను దీపములు ఏనాడో పోయినవి; వాని స్థానమున ఎల్.ఇ.డి. దీపములు వెలుగుచున్నవి. ఇక పొరపాటునకు తావు లేదని తోచును. 2023 జూన్ 2వ తేది సాయంకాలము ఖరగపురము డివిజనులోని బహనగా బజారు స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌నకు మెయిను లైనుమీద ఆకుపచ్చ చూపబడినది. పట్టా మాత్రము లూపు లైనునకు మళ్లియుండెను. అచ్చట నిలిచియున్న గూడ్సును బండి ఢీకొన్నది. పడిన పెట్టెలకు మరియొక ఎక్స్‌ప్రెస్ తగిలినది. 290 మందికి పైగా మరణించిరి. సిగ్నలు తీగల అమరికలో లోగడ జరిగిన పనిలోని తప్పులే కారణమని విచారణలో తేలినది. డ్రైవరు చూచినది ఆకుపచ్చయే. అతని కన్ను తప్పలేదు. నూటయేబదియేండ్లుగా కన్నునే అనుమానించుచు వచ్చిన వ్యవస్థలో ఆనాడు అబద్ధమాడినది దీపము.

సిగ్నలును రేడియోతరంగముద్వారా ఇంజను గదిలోనికే తెచ్చి, డ్రైవరు ఆపనిచో తానే బ్రేకు వేయు ‘కవచ్’ అను పద్ధతి దక్షిణమధ్య రైల్వేలో పెరిగినది. 2022 మార్చి 4న తెలంగాణములోని గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషనుల నడుమ రెండు ఇంజనులను ఎదురెదురుగ నడిపించి దానిని పరీక్షించిరి. రేడియోతరంగమునకు మంచు అడ్డుకాదు, రాత్రి అడ్డుకాదు. అయినను ఆ యంత్రముగల ఇంజనును నడపబోవు యువకుడు ఈనాటికిని ముందుగ రైల్వే ఆసుపత్రికి పోయి, చుక్కల పుస్తకమును తెరచి, అందలి అంకెను చదివి చెప్పవలసినదే.